సెకనుకి ఎనిమిది

ఖాదర్ వలిని ఆ కోల్డ్ స్టోరేజీలో ఆరేళ్ళుగా అందరూ కరెంటోడనే పిలిచేవారు. పాపం, వాడు చదివింది కంప్యూటర్లు. గుంటూరులో మూడేళ్ళు చదివి, ఫస్టు క్లాసు పట్టాకి ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకి తగిలించుకున్నవాడు. అయితే ఏం లాభం? ట్యూబులైటు మినుకుమన్నా వలీ, ఫ్యాను మూలిగినా వలీ, ఓనరు గారి ఫోనులో ఫోటోలు నిండిపోయినా వలీ. మిరపకాయల టిక్కీలు, అంటే గోనె సంచులు, మోసే ముఠా వాళ్ళు కూడా "ఏరా కరెంటోడా, మా ఛార్జరు చూడరా" అనేవాళ్ళు. వాడికి అరికాలి మంట నెత్తికెక్కేది. ఎక్కి ఏం చేస్తుంది? నోరు మూసుకుని ఛార్జరు చూసిపెట్టేవాడు.

ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది ఆ కోల్డ్ స్టోరేజీ. ఓనరు శ్యామ్ సుందర్ గారు. ఐదు ఛాంబర్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా చుట్టుపక్కల ఊళ్ళ మిరపకాయంతా ట్రాక్టర్ల మీద అక్కడికే వస్తుంది. గేటు దగ్గర దిగినవాడికి ముందు తుమ్ము, తర్వాతే మాట. లోపల మూడు కౌంటర్లు, మూడింటికీ కలిపి ఒక ప్రింటరు. రైతు తన లాటు, అంటే తెచ్చిన టిక్కీలన్నీ, దింపగానే కౌంటర్లో మనిషి శాంపిలు చూసి, పేరు, ఊరు, ఎన్ని సంచులు, కాయ ఎండుదా చెమ్మదా అన్నది కంప్యూటర్లో కొట్టి రసీదు ఇవ్వాలి. రసీదు మీది నంబరు సంచి మీద రంగుతో రాశాకే ముఠా వాళ్ళు భుజానికెత్తుకుంటారు. నంబరు పడని సంచిని దేవుడు దిగొచ్చి చెప్పినా ముట్టుకోరు. అది వాళ్ళ పద్ధతి.

కౌంటర్లలో కనపడేవి అసలు కంప్యూటర్లు కావు. ఒట్టి తెర, కీబోర్డు, అరచెయ్యంత డబ్బా. అసలు యంత్రం వెనక ఏసీ గదిలో ఒక్కటే ఉంది. ఆ ఒక్కదాన్నే వలి లోపల్లోపల విడగొట్టి ఐదు కంప్యూటర్లుగా నడిపేవాడు. వర్చువల్ మిషన్లు అంటారు వాటిని. కౌంటర్లలో ముగ్గురికీ మూడు, ఓనరు గారికి ఒకటి, కెమెరాల రికార్డింగుకి ఒకటి. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా సరే, తమ పేరూ పాస్‌వర్డూ కొడితే తమ మిషనే తెర మీదికి వస్తుంది. ఈ సంగతి వలి ఎవరికీ చెప్పలేదు. వీళ్ళకి చెప్పినా ఏం అర్థమవుతుందిలే అని వాడి ఉద్దేశం.

ఫిబ్రవరిలో ఓనరు గారు కొత్తగా ఇరవై కెమెరాలు పెట్టించారు. పెట్టించిన మర్నాడే మూడు కౌంటర్లూ బిగుసుకుపోయాయి. రోడ్డు మీద అర కిలోమీటరు ట్రాక్టర్లు నిలబడిపోయాయి. వలి ఒక పూటంతా కూర్చుని రోగం పట్టుకున్నాడు. కెమెరాల మిషను ఊపిరి తీసుకోకుండా డిస్కు మీద రాస్తూనే ఉంది, మిగతా మిషన్లకి సందు దొరకట్లేదు. దానికి ఒక హద్దు పెట్టాడు. సెకనుకి ఇన్నిసార్లే డిస్కుని ముట్టుకోవాలి, అంతకి మించితే ఆగాలి. అంతే, కౌంటర్లు మళ్ళీ పరుగందుకున్నాయి.

"డిస్కంటే వీధి కుళాయి లాంటిది సార్" అని ఓనరు గారికి వివరించాడు. "ఐదుగురికీ ఒకటే కుళాయి. కెమెరాల మిషను బిందె పెట్టి తియ్యట్లేదండి. అందుకని నీకింతే అని కట్టడి చేశాను."

"శభాష్ ఇంజనీరు గారూ!" అన్నారు శ్యామ్ సుందర్ గారు.

ఇంజనీరు గారు! ఆరేళ్ళలో మొదటిసారి. వలి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఓనరు గారు టీ ఒక గుక్క తాగి, "ఈ హద్దు ఎవరి మిషనుకి కావాలంటే వాళ్ళ మిషనుకే పెట్టొచ్చా?" అని అడిగారు.

"పెట్టొచ్చండి."

"పక్కవాళ్ళకి తెలియదూ?"

"తెలియదండి."

"ఆ మిషను మీద పనిచేసే మనిషికో?"

వలి నవ్వాడు. "ఆ మనిషికి అసలే తెలియదు సార్. పూర్తిగా ఆగిపోయిందనుకోండి, మిషను చెడిపోయిందని గోల చేస్తారు. నిదానంగా నడిస్తే మాత్రం లోపం తమలోనే ఉందనుకుంటారు."

తెలివి చూపించుకోడానికే అన్నాడు ఆ మాట. వాడి మనసులో అప్పటికి ఏ పాపమూ లేదు. ఓనరు గారు గ్లాసు కింద పెట్టి, "అయితే మౌలాబీ మిషనుకి పెట్టండి" అన్నారు.

మౌలాబీ వలికి అత్త వరస, తండ్రికి చిన్నాన్న కూతురు. యాభై దాటింది. పందొమ్మిదేళ్ళుగా మొదటి కౌంటరు ఆమెదే. చేత్తో రసీదులు రాసిన రోజుల నుంచీ ఉంది. కంప్యూటర్లు వచ్చినప్పుడు, ఈ వయసులో నాకెందుకు అనకుండా వలి పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం వేలితో వెతుక్కుంటూ నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి పక్క కౌంటర్లో పాతికేళ్ళ బిందుమాధవిని దాటిపోయింది. ఇక కాయ చూడటంలో ఆమెకి ఎదురే లేదు. సంచిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, పుటుక్కున విరిచి "ఎండు" అందంటే ఎండే. "చెమ్మ" అంటే రైతు మారుమాట లేకుండా సంచులు వెనక్కి తీసుకెళ్ళి కళ్ళంలో మళ్ళీ ఆరబోసేవాడు.

అంత మంచి మనిషి మీద ఓనరు గారికి కోపమెందుకంటే, దానికో కథ ఉంది. కిందటేడు జూన్‌లో మూడో ఛాంబర్‌కి నాలుగు రోజులు చల్లదనం ఆగిపోయింది. బయటికి పొక్కనివ్వలేదు. జనవరిలో చెంచయ్య అనే రైతు తన అరవై టిక్కీలు బయటికి తీయిస్తే, సంచి నిండా నల్లటి బూజు. ఆ ఛాంబర్లో సరుకు పెట్టిన ఇరవైముగ్గురిదీ అదే గతి. "చెమ్మ కాయ తెచ్చి పెట్టి నన్నంటారేంటయ్యా?" అన్నారు ఓనరు గారు. చెంచయ్య రసీదు తీసి చూపించాడు. మీద "ఎండు" అని ఉంది. మౌలాబీ ఊరుకుందా? కౌంటర్లోంచే అందరికీ వినపడేట్టు, "అయ్యో రామ, చెమ్మేందండీ! గలగలలాడే కాయ. నా చేత్తో చూసి నేనే కొట్టాను" అనేసింది. ఆ మాటతో రైతులకి బలమొచ్చింది. మార్చి ఆఖరు బుధవారం ముగ్గురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తేల్చుకుందామన్నారు. వాళ్ళ దగ్గర ఉన్నదల్లా ఆ రసీదులూ, వాటి వెనక మౌలాబీ మాటా.

"తీసేస్తే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటుంది" అన్నారు ఓనరు గారు, దీవిస్తున్నంత చల్లగా. "నేనెందుకు తీసేస్తాను? నాకు చేతకావట్లేదని ఆవిడే అనాలి. ఇవాళ రసీదు కొట్టడం చేతకాని మనిషి, కిందటేడు ఏం చూసి ఏం కొట్టిందో ఎవరికి నమ్మకం?"

"మా అత్త సార్" అన్నాడు వలి.

"తెలుసయ్యా. అందుకే నీకు చెప్తున్నాను, కాస్త మెల్లిగా చేస్తావని."

వలి ఏసీ గదిలోకి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు వాడి చెయ్యి వణికిందని చెప్తే వినడానికి బాగుంటుంది గానీ, పచ్చి అబద్ధం. వణకలేదు. సెకనుకి నూట ఇరవై అని కొట్టి, ఎంటర్ నొక్కి, టీ తాగడానికి వెళ్ళాడు.

మొదటిరోజు ఒక్కో రసీదూ ఆరేడు సెకన్లు ఆలస్యమైంది. మౌలాబీ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. రెండోరోజు ఎనభైకి దించాడు. నాలుగోరోజు యాభై. మరీ బిగిస్తే మిషను కొయ్యబారిపోతుంది, అనుమానం వస్తుంది. వదులు చేస్తే పని జరగదు. కూరలో ఉప్పు చూసినట్టు రోజూ కాస్త చూసి, కాస్త మార్చేవాడు. దిక్కుమాలిన పనిలోనూ పనితనం ఒకటి! తన తెర మీద మౌలాబీ మిషను వేగం చూపించే గీత ఎక్కడ ఆగి నీరసంగా పాకుతోందో చూసుకుని, వాడు లోపల్లోపల మురిసిపోయిన క్షణాలు కూడా ఉన్నాయి.

కౌంటర్ల ముందు మాత్రం వేరే నాటకం నడుస్తోంది. ఒకప్పుడు మౌలాబీ లైనే అన్నిటికన్నా పొడుగు. ఆమె చెయ్యి పడితే సరుకు మంచిదన్న నమ్మకం. ఇప్పుడు రైతులు ఒక్కొక్కరే జారుకుని పక్క లైన్లలో నిలబడుతున్నారు.

"తెల్లారిద్దా అమ్మా ఇయ్యాల్టికి?"

"మౌలాబమ్మకి పెద్దతనం వచ్చేసిందిరా."

ఆమె వింటూనే ఉంది. సేవ్ నొక్కి, తెర మీద గిర్రున తిరిగే సున్నాని చూస్తూ కూర్చునేది. అది తిరుగుతున్నంతసేపూ ఎదురుగా ఉన్న మనిషికి మొహం చూపించలేక పెన్నులూ కాగితాలూ సర్దేది. ఓనరు గారు రోజుకోసారి వచ్చి, ముగ్గురూ ఎన్నెన్ని రసీదులు ఇచ్చారో అందరి ముందూ పైకి చదివి, ఒక్క కటువు మాట కూడా అనకుండా వెళ్ళిపోయేవారు. బిందుమాధవి నూట పది. మూడో కౌంటరు వీరబాబు తొంభై ఎనిమిది. మౌలాబీ ముప్పై ఒకటి.

పదోరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పడింది. మిగతా లైన్లలో సరుకు అప్పటికే లోపలికి పోయింది. మౌలాబీ లైనులో ఒక రైతువి నలభై టిక్కీలు నంబరు పడక ఆరుబయటే ఉండిపోయాయి. పట్టాలు కప్పేలోపే తడిసిపోయాయి. ఆ రైతు కౌంటరు మీద గుద్ది, "ఆర్నెల్ల కష్టమమ్మా! నీ చేతులు పడిపోను!" అన్నాడు. మౌలాబీ ఏడవలేదు. లేచి వెళ్ళి, వానలో నిలబడి, అతనితోపాటు సంచులు లాగింది. ఆ రోజు నుంచి ఇంటికెళ్ళగానే గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో చేతులు పెట్టుకుని అరగంట కూర్చుంటోందని వలితో వాళ్ళమ్మే చెప్పింది. "వేళ్ళు బిగుసుకుపోయాయంటరా. గుంటూరు పోయి కళ్ళజోడు కూడా మార్పించుకొచ్చింది" అంది. వలి అన్నం కలుపుకుంటూ "ఊఁ" అన్నాడు.

ఆ మాట విన్న మర్నాడు మౌలాబీ వాడిని పిలిచింది. "ఒరేయ్ వలీ, నా మిషను చూడరా. ఏదో అయింది దానికి."

వాడొచ్చి రెండు కిటికీలు తెరిచి, మూసి, తల పంకించి, "బానే ఉందత్తా" అన్నాడు.

"మరి బిందుది చూడు, టకటకా పోతంది."

"అయితే ఆ కుర్చీలో నువ్వు కూర్చుని చూడు."

చూశారా? వాడే అన్నాడు. ఎవరూ అనమనలేదు. మౌలాబీ బిందుమాధవి కుర్చీలో కూర్చుని తన పేరు కొట్టింది. బిందుమాధవి మౌలాబీ కుర్చీలో కూర్చుని తన పేరు కొట్టింది. లైన్లలో ఉన్న రైతులంతా మెడలు సాచి చూస్తున్నారు. మౌలాబీ పాత కుర్చీలో బిందుమాధవి రసీదు తర్వాత రసీదు చింపి ఇస్తోంది. బిందుమాధవి కుర్చీలో మౌలాబీ ముందు సున్నా తిరుగుతోంది. పేరు వెంటే మిషనూ వస్తుందని, మిషను వెంటే హద్దూ వస్తుందని ఆమెకెలా తెలుస్తుంది?

చాలాసేపు తన రెండు చేతులూ చూసుకుంది. "అయితే మిషను కాదన్నమాట" అంది.

"పెద్దతనం అత్తా, ఏం చేస్తాం" అన్నాడు వలి. ఈ మాట అనమని ఓనరు గారు చెప్పలేదు. ఇది వాడి సొంత సరుకు.

కానీ మౌలాబీ అంత తేలిగ్గా కూలబడే మనిషి కాదు. పెద్దమనుషులు కూర్చునే బుధవారానికి ముందొచ్చిన ఆదివారం, ప్రత్తిపాడులో నజ్మీన్ అనే అమ్మాయి నడిపే జిరాక్సు షాపుకి వెళ్ళింది. అక్కడొక పాత కంప్యూటరుంది. బ్యాగులోంచి పది పాత రసీదులు తీసి పక్కన పెట్టుకుని, అవే పేర్లు, అవే ఊళ్ళు మొదట్నించీ కొట్టింది. నజ్మీన్ ఫోనులో టైము చూసింది. ఏడు నిమిషాలు కూడా పట్టలేదు.

"అమ్మో ఆంటీ! మీరొచ్చి నా షాపులో కూర్చోండి, నేను ఇంటికెళ్ళిపోతా" అంది నజ్మీన్. మౌలాబీకి నెల తర్వాత నవ్వొచ్చింది.

సోమవారం పొద్దున వెన్ను నిటారుగా పెట్టుకుని నడిచొచ్చి ఓనరు గారి గది గుమ్మంలో నిలబడింది. "బుధవారం రైతులూ పెద్దమనుషులూ వస్తారు గదండీ. అందరి ముందరా నన్ను కూర్చోబెట్టండి. పది లాట్లు, పది నిమిషాలు. చెయ్యలేకపోతే నా అంతట నేనే లేచి ఇంటికి పోతా. చేశానంటే మాత్రం, కిందటేడు నేను కొట్టింది కొట్టినట్టేనని మీరు ఒప్పుకోవాల."

"అంతకంటేనా మౌలాబీ!" అన్నారు ఓనరు గారు. ఆయనకి అడక్కుండానే వరమిచ్చినట్టయింది.

అటునుంచి ఆమె నేరుగా ఏసీ గదికొచ్చింది. "నాయనా, బుధవారం పొద్దున నా మిషను ఒక్కసారి శుభ్రంగా చూసిపెట్టు. నువ్వు చూశావంటే నాకు ధైర్యం."

వలి తన తెర మీది కిటికీ మూసేసి, "చూస్తానత్తా" అన్నాడు.

చూశాడు. బుధవారం ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నాడు. మౌలాబీ మిషను ఎదురుగా యాభై అని ఉంది. దాన్ని చెరిపి సున్నా పెడితే హద్దు పోతుంది. ఒక అంకె, ఒక ఎంటర్. వాడి వేలు సున్నా మీదికి వెళ్ళిన మాట నిజమే. అంతలో తలుపు తెరుచుకుంది.

శ్యామ్ సుందర్ గారు లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి తలుపుని పైనుంచి కిందికి చూసి, "ఇంజనీరు గారూ, ఇక్కడొక పేరు బోర్డు పెట్టిద్దామయ్యా. ఖాదర్ వలి, సిస్టమ్స్ మేనేజర్ అని. ఇత్తడిది" అన్నారు. అని వెళ్ళిపోయారు.

వలి ఆలోచించాడు. ఇవాళ అత్త ఝామ్మని కొట్టేసిందంటే, మరి నెలంతా ఎందుకు నిదానమైందని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే ఈ గదిలోకి వస్తారు. ఈ గదిలో ఉన్నది తనొక్కడే. ఒక పక్క బోర్డు మీద ఆశ, ఇంకో పక్క దొరికిపోతానన్న భయం. మధ్యలో అత్తకి చోటు లేకపోయింది. వేలు సున్నా మీది నుంచి పక్కకి జరిగింది. ఎనిమిది అని కొట్టాడు. సెకనుకి ఎనిమిది! ఆ మాత్రానికి మిషను చావదు, బతకదు.

పదింటికి కౌంటరు చుట్టూ నలభైమంది పోగయ్యారు. పెద్దమనుషులు ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు. చెంచయ్య తన రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మౌలాబీ పక్కనే నిలబడ్డాడు. ఆమె ఉతికిన చీర కట్టుకుంది, కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. గేటు దగ్గరున్న ట్రాక్టర్లలోంచి పది లాట్లు ఎంచారు. సంచుల్లో చెయ్యి పెట్టి కాయ ఆమే చూసింది. తర్వాత కూర్చుని, "కానియ్యి" అంది.

వీరబాబు పేర్లు చదువుతున్నాడు, ఆమె వేళ్ళు పరిగెడుతున్నాయి. ఫారం నింపడానికి డిస్కుతో పని లేదు. సేవ్ నొక్కిందాన్ని డిస్కు మీద రాశాకే ప్రింటరు రసీదు వదులుతుంది. రాసేదాకా అది లోపల వరసలో కూర్చుని ఎదురుచూస్తుంది, ఈలోగా తర్వాతి ఫారం నింపుకోవచ్చు. రోజూ అయితే ఎదుటి రైతుకి రసీదు చేతికిచ్చేదాకా ఆగేది, ఇవాళ ఆగకుండా ఒకదాని వెనక ఒకటి కొట్టుకుంటూ పోయింది. ఏడో నిమిషం కాకుండానే పదీ పూర్తిచేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెంచయ్య వైపు చూసి నవ్వింది.

ప్రింటరు కిక్కురుమనలేదు.

ఎనిమిదో నిమిషం పోయింది. తొమ్మిదోది సగమయ్యాక ఒక్క రసీదు బయటికొచ్చింది. వెనకనెవరో కిసుక్కుమన్నారు.

"రసీదులేవమ్మా?" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన.

"కొట్టానండీ. పదీ కొట్టాను. వస్తాయి."

"తప్పు కొడితే మిషను తీసుకోదండీ" అన్నారు శ్యామ్ సుందర్ గారు, ఎంతో బాధగా. "దానికి మనలాగా మొహమాటం ఉండదు గదా. ఏమయ్యా ఇంజనీరూ, మిషనులో ఏమన్నా లోపముందా?"

నలభై మొహాలు వలి వైపు తిరిగాయి. మౌలాబీ కూడా తిరిగింది. "పొద్దున చూశావా నాయనా?"

వలి తెర మీదికి వంగి చూసినట్టు చేశాడు. "చూశానత్తా. మిషను బాగానే ఉంది."

పది నిమిషాలూ అయిపోయాయి. రసీదు ఒక్కటే. ఇక ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చెంచయ్య ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, చిన్నపిల్లని అడిగినట్టు అడిగాడు. "ఇది పోతే పోయిందిలే మౌలాబమ్మా. కిందటేడు నా కాయ ఎండుదే గదా? ఆ ఒక్క మాట చెప్పు తల్లీ. పెద్దోళ్ళు విన్నారంటే చాలు."

మౌలాబీ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎండుదనే అనుకున్నా చెంచయ్యా. ఈ పదీ సరిగ్గా కొట్టాననీ అనుకున్నా. నా బిడ్డల మీద ఒట్టేసి చెప్పుండేదాన్ని" అంది. "నా కళ్ళూ నా చేతులూ నాకే అబద్ధం చెప్తన్నాయి. అప్పుడు ఏం చూశానో ఏం కొట్టానో, ఏమో. నా మాట పట్టుకుని నువ్వు కొట్లాటకి పోమాక."

"నీ మాట తప్ప మా దగ్గరేముందమ్మా!" అన్నాడు చెంచయ్య. రసీదు కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకుని లేచారు. శ్యామ్ సుందర్ గారు అందర్నీ ఆవరణలోకి నడిపించి, మజ్జిగ తాగందే వెళ్ళడానికి వీల్లేదన్నారు.

వలి ఏసీ గదిలోకెళ్ళాడు. ఇక హద్దుతో పని లేదు గదా. ఎనిమిది చెరిపి సున్నా పెట్టి, ఎంటర్ కొట్టాడు.

బయట కౌంటర్లో ప్రింటరు లేచింది.

వాడు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి రెండు రసీదులు వచ్చేశాయి, మూడోది వస్తోంది. తీసి చూశాడు. పేరు, ఇంటిపేరు, ఊరు, సంచులు, ఎండు, చెమ్మ. లాట్లు రాసిన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాడు. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒక్క అంకె తేడా లేదు. నాలుగు, ఐదు, ఆరు. ప్రింటరు వైరు పీకేద్దామని వంగాడు.

"ఏందిరా, ఎవరివి అవి?"

మౌలాబీ గుమ్మంలో ఉంది. అన్నం క్యారేజీ మర్చిపోయి వెనక్కొచ్చింది. వలి రసీదులు గబుక్కున గుండెకి హత్తుకున్నాడు.

"బిందువి అత్తా. ఇప్పుడే కొట్టేసి మజ్జిగకి పోయింది."

ఆమె దగ్గరికి రాలేదు. గుమ్మం పక్కనున్న క్యారేజీ తీసుకుని, అక్కడే ఒక్క నిమిషం నిలబడి ప్రింటరు చప్పుడు వింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"ఎంత బాగా కొడతందిరా ఆ పిల్ల" అంది. "పని చేస్తే అట్టా చెయ్యాల."